కనుకయ్య పాలు మానిన వైనం

భివండిలో శుక్రవారం మగ్గాలకు కరెంటు కోత. ఆ రోజు కనుకయ్య కోతలకు మాత్రం అడ్డూ అదుపూ ఉండదని వాళ్లుండే కనేరి పేటలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. మిగతా రోజుల్లో మగ్గాల చప్పుడులో ఎవరి మాట ఎవరికీ వినపడదు కదా, అందుకని వారమంతా కడుపులో దాచుకున్నదంతా ఆయన ఆ ఒక్కనాడే వెళ్లగక్కుతాడు. భార్య ఓదెమ్మకు ఇది అలవాటే. టీ బండి దగ్గర ఎన్ని కోసుకున్నా ఆమెకేం నొప్పి లేదు. కానీ ఈ శుక్రవారం ఆయన కూర్చున్నది నాగావ్‌లో బుచ్చిరాములు ఇంటి వరండాలో. వాళ్లు వచ్చింది కొడుకు కిట్టుకు పిల్లనడగడానికి.

పిల్ల పేరు దీపాలి. బుచ్చిరాములుకు ఒక్కతే కూతురు. కాశేలి గోదాముల్లో కంప్యూటర్ ముందు ఉద్యోగం. కిట్టు అదే గోదాముకు టెంపో నడుపుతాడు. వాళ్లిద్దరికీ ముందే మనసు కుదిరింది, ఓదెమ్మకూ పిల్ల చూడగానే నచ్చింది. చిక్కల్లా ఒక్కటే. దీపాలి పాలు ముట్టదు. పాలే కాదు, పాలతో అయ్యేది ఏదీ ముట్టదు. దాన్ని వీగన్ అంటారట. ఆ ముక్క వినగానే ఇదివరకు వచ్చిన సంబంధంవాళ్లు "కొత్తింట్ల పాలు పొంగియ్యని కోడలు మాకెందుకు?" అని చెప్పులు తొడుక్కుని వెళ్లిపోయారు. అప్పటి నుంచి పిల్ల ఒకటే మాట మీద ఉంది. ముందు ఈ సంగతి తేలాలి, తర్వాతే మిగతా మాటలు.

అందుకే రిక్షాలో వస్తూ ఓదెమ్మ మొగుడికి నూరిపోసింది.

"ఏమయ్యా, 'నీ తీరు నీది బిడ్డా, మా ఇంట్ల ఏ అడ్డం లేదు' అని ఒక్క మాట చెప్పు. గంతే. ఆడికెల్లి నోరు మూసుకో."

"నేనేమన్న ఎక్కువ మాట్లాడే మనిషినా?" అన్నాడు కనుకయ్య, నొచ్చుకుని.

వరండాలో చాప మీద బుచ్చిరాములు తల్లి లక్ష్మవ్వ కాళ్లు చాపుకుని కూర్చుంది. గుమ్మం దగ్గర దీపాలి నిలబడింది. కిట్టు తన కాలి వేళ్లను ఎన్నడూ చూడనట్టు చూసుకుంటున్నాడు. బుచ్చిరాములు మర్యాద తెలిసిన మనిషి.

"బావా, మా ఇంట్ల అందరిది నల్ల చాయే. నీకు కింద దుకాణం నుంచి పాల చాయ్ తెప్పిస్త," అన్నాడు.

కనుకయ్య చెయ్యి అడ్డంగా ఊపాడు. "పాల చాయా? నాకా? వద్దు బావా. పొద్దుగాల మా ఇంట్ల గూడ నల్ల చాయే తాగొచ్చిన."

ఇది నిజమే. పొద్దున పాలు విరిగిపోయాయి కాబట్టి గత్యంతరం లేక, తిట్టుకుంటూ తాగాడు. ఇక్కడితో ఆగితే ఎంత బాగుండు అనుకుంది ఓదెమ్మ. కానీ గుమ్మం దగ్గర పిల్ల తలెత్తి చూసింది. ఆ చూపు కనుకయ్యకు కనిపించింది. అంతే, మగ్గం బటన్ నొక్కినట్టే అయింది.

"ఇయ్యాల ఒక్కనాడే కాదు. నేను పాలు ఇడిసిపెట్టిన బావా! ఏదో మా కిట్టుగాడు చెప్పిండు, ఫలానా పిల్ల పాలు ముట్టదు నాయినా అని. గంత పిల్ల ఉండంగ నేనుండలేనా అనుకున్న. గిలాస బోర్లిచ్చిన. ఒడిసింది."

"ఖరంచ్, మామయ్యా? నిజంగనా?" అంది దీపాలి.

"నీ తోడు బిడ్డా. కానీ పాలు ఇడుసుడంటే పాలొక్కటే పోతదనుకున్న. దానెంబడి పేడా పోయింది, బర్ఫీ పోయింది, శ్రీఖండ్ పోయింది, బాసుంది పోయింది. ఏడుస్తే ఊకోబెట్టనీకె ఒక్క తీపి లేదు! నాలుకకు ఏం జెప్పాలె? సంటిపిల్ల లెక్క ఒకటే ఏడుపు. గటెన్క ఏమైందో ఎరుకేనా? మగ్గం మీద నిలవడితే అది ఖట్‌ఖట్ అనాలె గదా? అనది! 'బర్ఫీ, బర్ఫీ' అంటది!"

"మగ్గమా?" అన్నాడు బుచ్చిరాములు.

"అవు మగ్గమే. పక్క మగ్గం 'ఇంకోటి, ఇంకోటి' అంటది. నేను చెవుల దూది పెట్టుకున్న, లాభం లేదు. నా పానమంత తీపి మీదనే ఉండె గదా, నేసిన బట్టకు సుత అది అంటుకున్నది. సాదా తెల్ల బట్ట నేస్తే నడుమ నడుమ బర్ఫీ ముక్కలు పడ్డయి, నాలుగు మూలల డిజైన్ లెక్క! సేటు చూసి, గిది ఎవడు పెట్టిండు అన్నడు. గోదాముల పెట్టిన బట్ట థాన్లకు చీమలు వట్టినయి. దులిపితే పోవు. సూరత్ దాంక బట్టెంబడే పోయినయి."

"మరి బట్ట అమ్ముడువొయ్యిందా?" అని అడిగింది లక్ష్మవ్వ, ముఖం ఏమాత్రం కదలకుండా.

"అమ్ముడువోకేంది అత్తమ్మా! ఆ బట్టతోని అంగీ కుట్టించుకున్నోడు కాలరు నాకుకుంట తిరుగుతున్నడట!"

ఓదెమ్మ చీర కొంగు నోట్లో కుక్కుకుంది, నవ్వు ఆపుకోవడానికి కాదు, భయానికి. ఈ మనిషి ఇంట్లో పాలగిన్నె మీది మీగడ ఎవరూ చూడకుండా వేలితో తీసుకుని తింటాడు. మొన్న పెరుగు పుల్లగా ఉందని కంచం దగ్గర అలిగాడు. అబద్ధం బయటపడితే ఇల్లంతా అబద్ధాలదే అనుకోదా పిల్ల? ఆమె మోచేత్తో మొగుణ్ని పొడిచింది. ఆయన కొంచెం జరిగి కూర్చుని మళ్లీ అందుకున్నాడు.

"ఇగ బర్ల సంగతి చెప్పాలె. నేను పాలు ఇడిసినన్న సంగతి తబేలాలకు తెల్వకుంటదా? భివండి చుట్టుముట్టు ఎన్ని తబేలాలున్నయో అన్ని తబేలాల బర్లు తాళ్లు తెంపుకొని బయలెల్లినయి. నాసిక్ రోడ్డు మీద వరుసగట్టి నిలవడ్డయి. మొన్న గంత పెద్ద ట్రాఫిక్ జామ్ అయింది సూడు, ఎందుకైందనుకున్నవ్ బావా?"

"గుంతలకు అయిందనుకున్న."

"గుంతలా! బర్లు నాకు దండం పెట్టనీకె వచ్చినయి. ముంగటున్న ముసలి బర్రె తల వంచి ఏమన్నదో ఎరుకేనా? 'అయ్యా, నీ పుణ్యాన ఇయ్యాల మా దుడ్డెలకు పాలు మిగిలినయి' అన్నది."

"ఏ భాషల అన్నది?" అంది లక్ష్మవ్వ.

"మరాఠీల అత్తమ్మా. ఇక్కడి బర్రె తెలుగుల ఎట్ల మాట్లాడతది?"

బుచ్చిరాములు పకపకా నవ్వాడు. కిట్టు కూడా నవ్వాడు. దీపాలి నవ్వలేదు. గుమ్మం వదిలి ఒక అడుగు ముందుకు వేసింది.

"మేము మునుపుండే చాల్ ఇండ్ల ఎన్క తబేలా ఉంటుండె మామయ్యా. ఒక బర్రెకు దుడ్డె సచ్చిపోయింది. దాని తోలుల గడ్డి కుక్కి, బర్రె ముంగట నిలవెట్టి పాలు పిండుతున్నరు. అది ఆ గడ్డి దుడ్డెను నాకుతున్నది. నేను పాల గిన్నె పట్టుకొని ఆడ్నే నిలవడ్డ. ఆ దినం నుంచి నాతోని కాలే."

ఓదెమ్మ నోట్లోని కొంగు తీసేసింది. ఇన్నాళ్లూ ఆమె ఇదేదో గోదాముల పిల్లల ఫ్యాషన్ అనుకుంది.

"మొదట్ల నాకు గూడ మస్తు కష్టమైంది," అంది దీపాలి, కొంచెం తేలికపడి. "చాయ్ లేకున్న ఉండొచ్చు గానీ తీపి మీదికి పానం గుంజేది. ఖజ్జూరం నోట్లేసుకొని కూసునేదాన్ని. లేకుంటే బెల్లం, పల్లీలు. మెల్లగ అలవాటైంది."

అక్కడ ఆగవలసినవాడు ఆగాడా? లేదు. పిల్ల కళ్లు చెమ్మగిల్లడం చూసి, ఎలాగైనా నవ్వించాలని కనుకయ్య రెండింతలు రెచ్చిపోయాడు. ఆయనకు ఇంకో విద్య రాదు మరి.

"గదే బిడ్డా, నేనూ గదే చేసిన! కానీ నువ్వు ఒక్క ఖజ్జూరం తింటివి, నేను..."

"ఆగు బిడ్డా," అని లక్ష్మవ్వ మధ్యలో అడ్డం పడింది. "ఖజ్జూరాలు తర్వాత. ముందు ఇది చెప్పు. పాలు ఇడిసినోళ్లు కొత్తింట్ల ఏం పొంగిస్తరు? ఆ మాట మీదనే మా పిల్ల సంబంధం ఒకటి పోయింది."

"కొబ్బరి పాలు అత్తమ్మా!" కనుకయ్య క్షణం కూడా తడుముకోలేదు. "మా మేనల్లుని ఇంట్ల నేనే పొంగిచ్చిన. గిన్నె పొయ్యి మీద పెట్టిన, పొంగింది. పొయ్యి బంద్ చేసిన, ఇంకా పొంగుతున్నది! మెట్ల మీదికెల్లి గల్లీలకు, గల్లీలకెల్లి సడక్ మీదికి. ఊరవతల ఖాడీ పాయల నీళ్లు తెల్లగైనయి. ఆడోళ్లు బిందెలు పట్టుకొని ఉరికొచ్చిన్రు. వానకాలం వరద అనుకొని ఎవలో పడవ సుత తెచ్చిన్రు. గంత మంచి శకునం భివండిల ఇంతవరకు ఏ ఇంటికీ కాలే!"

లక్ష్మవ్వ తల ఊపింది. నమ్మిందో, ఇంకా ఎంత దూరం పోతాడో చూద్దామనుకుందో ఓదెమ్మకు అర్థం కాలేదు.

"ఇగ ఖజ్జూరాలు. నేను డబ్బాలు తినలే, ట్రక్కు దించుకున్న. దాని మీద బెల్లం. అవి వేడి గదా? ఒంట్ల వేడి పుట్టింది సూడు, నేను కూసున్న కుర్చీ కాలింది. అంగీ ఇస్త్రీ చెయ్యకుంటనే ఇస్త్రీ అయితున్నది. ఓదెమ్మ నా వీపు మీద రొట్టెలు కాల్చింది, అడుగుండ్రి!"

అందరూ ఓదెమ్మ వైపు చూశారు. ఆమె గోడ వైపు చూసింది.

"గటెన్క ఏమైందో ఎరుకేనా? శుక్రవారం. కరెంటు లేదు. కార్ఖాన చీకటిగున్నది. నేను ఊకనే పోయి మోటరు మీద చెయ్యి పెట్టిన. గిర్రున తిరిగింది! మగ్గం చాలూ! పక్క మగ్గం మీద రెండో చెయ్యి పెట్టిన, అదీ చాలూ! కనేరిల ఉన్న కార్ఖానలోళ్లందరు వైర్లు పట్టుకొని వచ్చి నా కాళ్లకు చేతులకు చుట్టిన్రు. అన్ని మగ్గాలు నా వేడి మీదనే నడిచినయి. బిజిలీ ఆఫీసోళ్లు వచ్చి మీటరు ఏడ పెట్టాలె అని నా చుట్టూ తిరుగుతున్నరు!"

బుచ్చిరాములు కళ్ల నీళ్లు తుడుచుకుంటున్నాడు. దీపాలి పెదవుల మీద నవ్వు వచ్చేసింది. అది చూసి కనుకయ్య ఛాతీ ఉప్పొంగింది.

"కానీ వేడి తల్కాయకు ఎక్కింది బావా. కండ్లు తేలేసిన. పోయిండు, కనుకయ్య పోయిండు అన్నరు. గప్పుడు మా ఓదెమ్మ, దేవత, ఉరికొచ్చి బిందెడు చల్ల నా నోట్ల పోసింది. గటగట తాగిన. సల్లవడ్డ! బతికిన!"

ఓదెమ్మ కళ్లు గట్టిగా మూసుకుంది. మగ్గాలు లేని శుక్రవారం ఎంత నిశ్శబ్దంగా ఉంటుందో ఆమెకు అప్పుడే తెలిసివచ్చింది.

"బిడ్డా," అంది లక్ష్మవ్వ నెమ్మదిగా, "ఆ చల్ల ఏ చెట్టుకు కాసింది?"

"చల్ల చెట్టుకెట్ల కాస్తది అత్తమ్మా?" కనుకయ్య నవ్వాడు. "పెరుగు చిలుకుతే అయితది."

"మరి పెరుగు?"

"పెరుగేముంది, రాత్రి పాలు తోడేస్తే..."

నోరు తెరిచింది తెరిచినట్టే ఉండిపోయింది. బుచ్చిరాములు పొట్ట పట్టుకున్నాడు. కిట్టు తల మోకాళ్ల మధ్యకు పోయింది. కనుకయ్య మాత్రం మునిగేవాడు గడ్డిపోచ పట్టుకున్నట్టు ఆఖరి ప్రయత్నం చేశాడు.

"అయినా చల్ల పాలెట్లయితది? పాలు పాలే, చల్ల చల్లే! పేరే వేరు గదా!"

లక్ష్మవ్వ గట్టిగా నవ్వింది. దీపాలి ముఖం మీది నవ్వు మాత్రం ఆగిపోయింది. చేతులు కట్టుకుని కనుకయ్యనే చూస్తోంది. సంబంధం చెయ్యి జారిపోయిందని ఓదెమ్మకు తెలిసిపోయింది. ఇక దాచి లాభం లేదు.

"బిడ్డా, నేను నిజం చెప్త," అంది. "ఈ మనిషి ఏదీ ఇడువలే. పొద్దుగాల మా పాలు ఇరిగినయి, అందుకని నల్ల చాయ్ తాగిండు. ఈయన చాయ్ మానడు, చల్ల మానడు. మా ఇంట్ల పాలు బంద్ కావు. కానీ నువ్వు తాగాలె అని మా గడపల ఎవలన్న అంటే, వాళ్లకు అన్నం పెట్ట. పెండ్లిల పాలు పండు పెట్టేటప్పుడు నీ గిలాసకు కొబ్బరి పాలు నేను పిండుకొస్త. గడ్డి దుడ్డె సంగతి నాకిప్పుడే ఎరుకైంది తల్లీ. ముందుగాల తెలిస్తే ఈయన్ని ఇంట్లనే కట్టేసి వస్తుంటి."

దీపాలి కనుకయ్య దగ్గరికి వచ్చి ఎదురుగా కూర్చుంది.

"మామయ్యా, గివన్ని ఎందుకు చెప్పిన్రు?"

కనుకయ్య గొంతు సర్దుకున్నాడు. ఏదో పెద్దది రాబోతోందని అందరూ అనుకున్నారు. కానీ వచ్చింది చాలా చిన్నది.

"నువ్వు వద్దంటవేమోనని భయమైంది బిడ్డా."

దీపాలి లక్ష్మవ్వ వైపు తిరిగింది.

"అవ్వా, నూరు అబద్ధాలాడన్న ఒక పెండ్లి చెయ్యాలంటరు గదా?"

"అంటరు."

"మామయ్య నూరూ ఇయ్యాల్నే ఒడగొట్టిండు. ఇగ పెండ్లయినంక ఆ ఇంట్ల నాతోని ఆడనీకె ఒక్కటి గూడ మిగల్లే," అంది దీపాలి. "నేను ఆ ఇంటికే పోత అవ్వా."