డ్రాగన్‌కి తొడిగిన కోటు

మా పక్కింటి మిరెక్ నోరు తెరిచాడంటే చేతిలో టీ గ్లాసు కింద పెట్టేయాలి, లేకపోతే నవ్వుకి ఒలికిపోతుంది. నేను లెషెక్‌ని, ముప్పై ఏళ్లు బస్సు తోలినవాణ్ణి. టికెట్టు కొననివాళ్లు చెప్పే కబుర్లు లక్ష విన్నాను. వీడి ముందు అవన్నీ దిగదుడుపే.

ఆ రోజు మిరెక్ తాత హెన్రిక్ పేరు రోజు. మా సువావ్కి ఊళ్లో పేరు రోజుకి, అంటే క్యాలెండర్లో మన పేరు రాసిన పండగ రోజుకి, ఎవరూ ఎవర్నీ పిలవరు, జున్ను కేకు ఉంటుందని తెలుసు కాబట్టి మనమే వెళ్లిపోతాం. నేనూ, హెన్రిక్ చెల్లెలు బ్రోన్యా భోజనం వేళకే చేరాం. ఏటా ఆ రోజు పొద్దు వాలకముందే హెన్రిక్ తన గొర్రెతోలు కోటు వేసుకెళ్లి, పోయిన భార్య జోష్యా సమాధి దగ్గర దీపం పెట్టి వస్తాడు. ఆ కోటు ఆవిడ కొనిపెట్టినదే. శుక్రవారం మనవడు కాలేజీ నుంచి వచ్చి, రెండ్రోజులు క్రాకోవ్ నగరం చూసొస్తానంటే, చలికి వణుకుతాడని ఆ కోటే ఇచ్చి పంపాడు. నిన్న అందరూ పడుకున్నాక మనవడు వచ్చాడు. కోటు రాలేదు.

"రెండయింది. నా కోటేదిరా?" అన్నాడు హెన్రిక్, దీపాన్ని సంచిలో పెట్టుకుంటూ.

"అదే చెప్తున్నా తాతయ్యా, కూర్చో. మధ్యలో అడ్డురాకండి, వరస తప్పిపోతుంది. రైలు దిగానా, చలి. అబ్బే, మరీ ఎక్కువేం కాదు, స్టేషన్ బయట రింగు రొట్టె కొని కొరికితే పన్ను కదిలింది, అంతే..."

"చలి గురించి సువావ్కివాళ్లకి చెప్తున్నావా?" అన్నాను. దేశంలో చలికి పుట్టిల్లు మా ఊరే.

"మన చలి ఇంటి మనిషి మామయ్యా, పలకరించి కరుస్తుంది. అక్కడిది వెనకనుంచొచ్చి కరుస్తుంది. సరే, చలికి తట్టుకోలేక మ్యూజియంలో దూరానా, నేల గీసుకుపోకుండా బూట్ల మీద ఉన్ని చెప్పులు తొడగమంటారు కదా, తొడిగాను. ఒక ముసలావిడ జారబోయింది. టక్కున పట్టుకున్నాను. పట్టుకున్న ఊపుకి ఇద్దరం జారుకుంటూ పోయాం, ఒక గది, రెండు గదులు, పదిహేడు గదులు! రాజుల బొమ్మలన్నీ తలలు తిప్పి చూశాయి. ఆవిడ దిగుతూ 'ఇంకోసారి తిప్పు బాబూ' అంది..."

"ఆ గొర్రెతోలు కోటు వేసుకునే జారావా?" అంది బ్రోన్యా. "కోటుతో లోపలికి ఎవరు పోనిచ్చార్రా?"

మిరెక్ ఒక్క క్షణం కేకు నమిలాడు.

"బామ్మా, కోటు ఇంకా కథలోకి రాలేదు. వినవేం? బయటికొచ్చేసరికి మధ్యాహ్నం పన్నెండు. చర్చి బురుజు మీద గంట గంటకీ బాకా ఊదుతారా, పూర్వం ఊదేవాడి గొంతులో బాణం దిగిందని ఇప్పటికీ ఆ పాట సగంలో ఆపేస్తారా, ఆ రోజు సగం కూడా రాలేదు! కూత మొదలై ఆగిపోయింది. చౌకులో జనం గోలగోల. ఆ తర్వాత ఏమైందో తెలుసా? చలికి ఊదేవాడి పెదాలు బాకాకి అతుక్కుపోయాయి! రెండొందల పైచిలుకు మెట్లు, నాలుగు అంగల్లో ఎక్కేశాను. ఊపిరి ఊది ఊది వాడి పెదాలు ఊడదీశాను. మరి మిగతా పాటెవరు ఊదుతారు? బాకా నేనే అందుకున్నా. సగంలో ఆపుదామనే అనుకున్నా తాతయ్యా, కానీ ఊపొచ్చేసింది. చివరిదాకా ఊదేశాను!"

"ఆ చివర ఎలా ఉంటుందో ఏడొందల ఏళ్లుగా ఎవరికీ తెలీదు కదరా," అన్నాడు హెన్రిక్. ఆయన కళ్లు గోడ గడియారం మీదున్నాయి.

"అందుకే ఎవరూ తప్పు పట్టలేదు! నగర పెద్ద వలవలా ఏడ్చాడు. పావురాలు వరసకట్టి నిలబడ్డాయి. ఇదంతా ఒక ఎత్తు. ఆ బాకా మోతకి కోట కింద గుహలో ఏం లేచిందనుకున్నారు? డ్రాగన్!"

"చచ్చింది కదా అది," అన్నాను. "పాత కథలో చెప్పులు కుట్టేవాడు గొర్రెతోలులో గంధకం కుక్కి పెడితే మింగి, దాహానికి నదంతా తాగి పగిలిపోలా?"

"అందరూ అలాగే అనుకుంటారు. కడుపునొప్పి తగ్గాక కుట్లు వేయించుకుంది. పాపం, దానికి మంట ఆరిపోయింది మామయ్యా, ముక్కులోంచి పొగ కూడా లేదు. వణికిపోతోంది. దాని వణుకుకి ఊళ్లో ట్రాములు పట్టాలు దిగాయి. దగ్గరికెళ్లానా, నా ఒంటిమీద గొర్రెతోలు చూసి 'మళ్లీ గంధకమా?' అని గోడకి నక్కింది. జేబులు తిరగేసి చూపించాను. 'ఇది మా నాన్నమ్మ కొన్న కోటు, ఇందులో వెచ్చదనం తప్ప ఏమీ లేదు' అన్నాను. అంతే, నా భుజం మీద తలపెట్టి ఏడ్చింది. ఏం చెయ్యను? తొడిగేశాను. ఆరు బొత్తాలూ పెట్టాను."

"నా కోటుకి ఐదే," అన్నాడు హెన్రిక్.

"దానికి పొట్ట ఎక్కువ తాతయ్యా, ఒకటి అదనంగా కుట్టించాను."

బ్రోన్యా నవ్వు ఆపుకోలేక కప్పుకున్న ఉన్ని శాలువా మొహానికి అడ్డం పెట్టుకుంది. నేనూ నవ్వాను. హెన్రిక్ మాత్రం నవ్వలేదు. లేచి, పాత వానకోటు తీసి వేసుకున్నాడు. అది చూస్తే నాకు నవ్వు చచ్చిపోయింది.

"కోటు లేకపోతే మానె. చీకటి పడితే దారి కనబడదు," అంటూ, మనవడికి కోటుతోపాటు ఇచ్చిన తోలు గ్లౌజులు హీటరు మీద కనబడితే, తీసి తొడుక్కోబోయాడు. కుడి చెయ్యి సగంలో ఆగింది. వేళ్లు ఆడించి ఏదో బయటికి లాగాడు. ఇత్తడి బిళ్ల. దాని మీద అంకె, నూట పదమూడు.

మ్యూజియంలో కోటు అప్పజెబితే ఇచ్చే బిళ్ల మా దేశంలో పాలు తాగే పిల్లకి కూడా తెలుసు.

బ్రోన్యా దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. "ఎంత మర్యాద గల డ్రాగనో! కోటు పుచ్చుకుని రసీదు బిళ్ల కూడా ఇచ్చింది."

మిరెక్ చెవులు ఎర్రబడ్డాయి.

"ఒళ్లంతా తడుముకున్నా తాతయ్యా, దొరకలేదు. బిళ్ల లేకపోతే కోటివ్వనంది అక్కడావిడ. అందరూ వెళ్లిపోయాక మిగిలిన కోటు నీదే, మూసేదాకా కూర్చో అంది. కూర్చుంటే రైలు పోతుంది. రైలు పోతే ఇవాళ నీ పేరు రోజుకి ఇక్కడుండను. నాన్నమ్మ పోయాక నువ్వు ఒక్కడివే సమాధి దగ్గరికి వెళ్లడం..."

"మరి స్టేషన్ నుంచి ఇంటికెలా వచ్చావు?" అన్నాడు హెన్రిక్.

"స్వెట్టర్‌తో. పరిగెత్తాను."

నిన్న మా ఊళ్లో సున్నాకి ఇరవై రెండు డిగ్రీలు కింద. వాడు చెప్పినవాటిలో నిజంగా చేసిన ఘనకార్యం అదొక్కటే, దాన్నే రెండు ముక్కల్లో తేల్చేశాడు. వెధవని దగ్గరికి తీసుకోవాలనిపించింది.

"ఆ మ్యూజియానికి రేపు నేను ఫోన్ చేస్తాలే," అంది బ్రోన్యా, ముక్కు తుడుచుకుంటూ.

హెన్రిక్ గ్లౌజులు తీసి మనవడి చేతులకి తొడిగాడు. మెడకి తన మఫ్లరు చుట్టాడు.

"నడు. కోటేదని మీ నాన్నమ్మ అడుగుతుంది, నువ్వే చెప్పుకోవాలి."

"ఏమని చెప్పను తాతయ్యా?"

"డ్రాగన్ కథే చెప్పరా. నిజాలు చెప్పేవాడు కావాలనుకుంటే ఆవిడ నన్ను చేసుకునేదా?"