దినమంతా నడిచే మిషిను

మేడ్చల్‌లో పనిముట్ల దుకాణం. చెట్లు కోసే మిషిను కోసం రావల్కోల్ నుంచి ఒకామె వచ్చింది. దుకాణదారు చిన్నదొకటి ముందుకు జరిపాడు.

"గిది తీస్కో అక్కా. అల్కగుంటది, ఇంటికి సరిపోతది."

"ఇంట్ల కొమ్మలు కొట్టెతందుకు కాదన్నా. గిదంతా ప్లాస్టిక్, జల్దీ కాగుతది. దినమంతా నడిచే గా మెటల్ బాడీది తియ్యి."

"అది పనోళ్లది, మస్తు బరువుంటది. మీ ఆయనను తోలియ్యి."

"చెట్టు మీదికెళ్లి పడి నడుము ఇరిగింది, మంచంల ఉన్నడు. ఆయన కోస్తనని ఒప్పుకున్న తోటల చెట్లు ఇగ నేనే కోస్త."

"ఆడిమనిషివి, నీతోని అయితదా?"

"పెట్రోల్ పొయ్యి. ఈడనే సూపిస్త."

దుకాణదారు నవ్వుతూ మెటల్ బాడీదాంట్లో పోశాడు. ఆమె మిషినును నేలమీద పెట్టి, కాలితో తొక్కిపట్టి స్టార్టు తాడు గుంజింది. ఇంజను అందుకోలేదు. మళ్లీ గుంజింది. మోతకు వీధంతా ఇటు తిరిగింది.

"బంద్ జెయ్యక్కా! ఇదే ఇస్త!"

"ఆగన్నా. అందరినీ సూడనియ్యి."