ఆ సీసా చెల్లుతుంది

1971 ఆగస్టు పదహారవ తేదీన మన థర్మామీటర్ల కర్మాగారపు వైద్య ప్రయోగశాలలో జూనియర్ అనలిస్టుగా ప్రవేశించి, ముప్పైమూడు సంవత్సరాల అవిచ్ఛిన్న సేవానంతరం ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్న మేమందరం అక్కగారని పిలుచుకునే పెద్దావిడను అభినందిస్తూ నాలుగు మాటలు రాయమని ఈ సంచిక సంపాదకవర్గం నన్ను ఆదేశించింది. వారి పక్కబల్ల దగ్గర పాతికేళ్ళు పనిచేసినవాణ్ణి కనుక ఆ గౌరవం నాకు దక్కింది. వివాదాలు వద్దనీ, మంచి మాటలు రాస్తే చాలనీ కూడా సెలవిచ్చారు. అక్కగారి గురించి మంచి మాటలు రాస్తే వివాదం కాకుండా ఎలా ఉంటుందో నాకు బోధపడలేదు. పదకొండేళ్ళుగా న్యాయస్థానంలో నానుతున్న ఒక ఇల్లాలి వ్యాజ్యానికి అక్కగారొక్కరే సాక్షి. ఆమె జబ్బు మన కర్మాగారం నుంచే వచ్చిందన్న నిజం అక్కగారి నోటిమాట మీదే నిలిచి ఉంది.

పాదరసం నింపే విభాగంలో పనిచేసేవారి శరీరంలో ఆ విషం ఎంత చేరిందో తెలుసుకోవడానికి మూడు నెలలకొకసారి మూత్రపరీక్ష జరపడం మన ఆనవాయితీ. అక్కగారు రాకముందు, షిఫ్టు దిగిన కార్మికుడు ఆ మాసిన బట్టలతోనే సీసా నింపి ఇచ్చేవాడు. అంకె ఎక్కువొస్తే, చొక్కా దుమ్ము సీసాలో పడిందిలే అని యాజమాన్యం చేతులు దులుపుకునేది. ఆ సాకుకు స్వస్తి పలికిన ఘనత అక్కగారిది. కడిగి ఆరబెట్టిన సీసాను ముందురోజే ఇంటికిచ్చి పంపి, తెల్లవారి లేవగానే నింపి తెమ్మని నియమం పెట్టారు. "సీసాలమ్మ" అన్న బిరుదు అప్పుడే స్థిరపడింది. హద్దు దాటినవాణ్ణి విభాగం నుంచి తప్పించేవారు, తప్పించినవాడికి మరోచోట పని చూపేవారు కాదు. అందుచేత పరీక్షకు ముందు బిందెడు నీళ్ళు తాగి వచ్చే మహానుభావులు కొందరుండేవారు. మూత్రం ఎంత పలుచబడిందో కూడా కొలిచి అక్కగారు లెక్క సరిచేసేవారు. నీళ్ళు తాగితే సీసా పలుచబడుతుందిగానీ ఒంట్లో విషం పలుచబడదు నాయనా అని మందలించేవారు. వాళ్ళకు కోపం వచ్చేది, అది న్యాయమైన కోపమే. ఒకడి ఉద్యోగం పోయిన రోజున అక్కగారు అన్నం డబ్బా తెరవకుండానే ఇంటికి తిరిగి పట్టుకెళ్ళడం నేనెరుగుదును.

1985లో ఒక కార్మికుడి అంకె వరుసగా రెండుసార్లు పెరిగి హద్దు అంచుకు చేరింది. మూడోసారి వచ్చిన సీసా హద్దు దాటేసింది, మర్నాడే అతణ్ణి గేటు బయటకు పంపారు. ఆ తర్వాత రెండు రోజులకు అతని భార్య ప్రయోగశాల గుమ్మంలో వచ్చి నిలబడింది.

"ఆ సీసాలోది ఆయనది కాదమ్మా, నాది. ఆయన లేవకముందే నేనే నింపి పెట్టాను. మీ ఫ్యాక్టరీ గడప తొక్కడం నాకిదే మొదలు, నా ఒంట్లో పాదరసం ఎందుకుంటుంది? మీ మిషనే తప్పు చూపించిందని రాసివ్వండి, ఆయన్ని మళ్ళీ పనిలోకి తీసుకుంటారు."

అక్కగారు ఒక్కటే ప్రశ్న అడిగారు.

"ఆయన పని బట్టలు ఎవరు ఉతుకుతారు తల్లీ?"

"ఇంకెవరు ఉతుకుతారు?" అందామె.

ఆ సాయంత్రమే అక్కగారు ఆమె ఇంటికి వెళ్ళారు, వెంట నేనూ ఉన్నాను. ఒకటే గది. ఉతికే ముందు చొక్కా దులిపే మూలన, గచ్చు పగుళ్ళలో, ఆవగింజంతేసి పాదరసపు బొట్లు. ఆ పక్కనే వాళ్ళు పడుకునే చాప. ఆమె మూత్రాన్ని మరి రెండుసార్లు పరీక్షిస్తే రెండుసార్లూ అంకె హద్దు పైనే తేలింది. పని బట్టలను కర్మాగారంలోనే ఉతికించాలనీ, కార్మికుల ఇంటివారికి కూడా పరీక్షలు జరపాలనీ అక్కగారు నాలుగు పుటల నివేదిక సమర్పించారు. సీసా మీద పేరు ఒకరిది, లోపలిది మరొకరిది కనుక మొదటి పరీక్ష చెల్లదనీ, ఉద్యోగి కాని మనిషికి జరిపినవి కనుక మిగతా రెండూ చెల్లవనీ యాజమాన్యం తేల్చేసింది. భర్తను పనిలోకీ తీసుకోలేదు. రిజిస్టరులో ఆ మూడు వరసలకు అడ్డంగా "చెల్లదు" అని రాసి సంతకం పెట్టినవాణ్ణి నేను. నా ప్రమోషన్ కాగితం ఆ వారం మేనేజరుగారి బల్లమీద ఉంది. ఇంతకు మించి చెప్పుకోవడానికి నా దగ్గర కారణమేమీ లేదు. అక్కగారు నన్ను పల్లెత్తు మాట అనలేదు. అని ఉంటే బాగుండేది.

అనంతరం అక్కగారిని తాగునీటి పరీక్షల గదికి మార్చి ఆరేళ్ళు అక్కడే ఉంచారు. 1992లో కర్మాగారంలో బట్టలుతికే విభాగం వెలిసింది. దాన్ని ప్రారంభిస్తున్న డైరెక్టరుగారి ఛాయాచిత్రాన్ని, "కార్మిక సంక్షేమంలో మన దూరదృష్టి" అన్న శీర్షికతో సహా, ఈ సంచిక మూడో పుటలో పాఠకులు దర్శించుకోవచ్చు. ఆ దూరదృష్టి కలగడానికి ఏడేళ్ళు పట్టింది. ఈలోగా ఆ ఇల్లాలి చేతులకు వణుకు పట్టుకుంది. నిండు గ్లాసు పట్టుకోలేదు, తన జడ తాను వేసుకోలేదు. ఈ జబ్బు మీ వల్లనే వచ్చిందని కాగితం మీద రాసివ్వమని తప్ప, ఆ తర్వాత వేసిన వ్యాజ్యంలో ఆమె ఇంకేమీ అడగలేదు. మన వకీళ్ళు మాత్రం వాయిదా మీద వాయిదా అడుగుతూనే ఉన్నారు. సీసాలమ్మ రిటైరైపోతోందిగా, ఈ వయసులో ఇంకెన్నాళ్ళు తిరుగుతుంది కోర్టు చుట్టూ అని మన లా ఆఫీసరుగారు క్యాంటీన్లో టీ తాగుతూ అనడం నా చెవులారా విన్నాను. ఒళ్ళు మండిపోయింది.

కనుక అక్కగారూ, ఇటువంటి సందర్భాల్లో అందరూ కోరే ఆయురారోగ్యాలను నేను మర్యాదకు కోరడం లేదు. మోకాళ్ళ నొప్పికి మందు మానకండి. చెల్లెలిగారి ఇంట్లో విశ్రాంతి తీసుకుంటానన్నారు, తప్పక తీసుకోండి, వాయిదా నాటికి మాత్రం వచ్చేయండి. ఈసారి బోనులో మీరొక్కరే నిలబడరు. ఆ రిజిస్టరు నా బీరువాలోనే ఉంది. నాకింకా నాలుగేళ్ళ సర్వీసు ఉంది, దాన్ని ఏం చేసుకుంటారో చేసుకోమనండి. మీ తర్వాత నేనెక్కి, "చెల్లదు" అని రాసింది నేనేననీ, రాస్తున్నప్పుడే అది అబద్ధమని నాకు తెలుసుననీ చెబుతాను. మన వకీళ్ళు వయసులో ఉన్నవాళ్ళు, ఓపికగలవాళ్ళు. ఆ ఓపిక చచ్చేదాకా మీరు నిండు ఆరోగ్యంతో, జ్ఞాపకం చెక్కుచెదరకుండా, నూరేళ్ళు బతకాలి.