ఓడ్వార్ స్కీల కింద పెరిగిన మంచు

ఓడ్వార్ చెప్పాల్సింది ఒకే ఒక్క మాట. పోటీ ముగిసిన దగ్గర్నుంచి మూడుసార్లు నోరు తెరిచాడు, మూడుసార్లూ దగ్గి ఊరుకున్నాడు.

స్కీలకి మైనం రాసే గదిలో నలుగురున్నారు. బల్ల మీద స్కీలు, మంచు మీద జారే పొడుగాటి పలకలు, తిరగేసి ఉన్నాయి. మూలన ఓడ్వార్ భార్య గున్‌వోర్ వాఫుల్స్ అనే గళ్ళ అట్లు కాలుస్తోంది. వాటి వాసన పట్టుకుని పక్క గదిలోంచి రూనె వచ్చి కూర్చున్నాడు. అతను ఎప్పుడూ వీళ్ళతో పోటీ పడే పక్క దేశం, స్వీడన్ జట్టుకి మైనం రాస్తాడు. నాలుగో మనిషి సునీవా. పందొమ్మిదేళ్ల పిల్ల. ఛాతీ మీద నంబరు చీటీ అయినా విప్పకుండా, బూట్ల తాళ్లు వదులు చేసుకోకుండా గోడకి ఆనుకుని కూర్చుంది. ముందు పెట్టిన కాఫీ చల్లారిపోయింది.

ప్రపంచం నలుమూలల నుంచీ కుర్రకారు వచ్చారు ఈ పోటీకి. వచ్చే ఏడు సునీవా పెద్దవాళ్ళలో కలిసిపోతుంది, జూనియర్లలో ఆమెకిదే ఆఖరు. పైగా సొంత లోయ, సొంత జనం. పది కిలోమీటర్లలో సగం దాకా మూడో స్థానంలో ఉంది. అప్పుడు కొత్త మంచు రాలడం మొదలైంది, ఎండ తగిలి తడిసింది, ఆమె స్కీల కింద ముద్దలు ముద్దలుగా పేరుకుంది. నలభై ఒకటో స్థానంలో గీత దాటింది, ఏడుస్తూ కాదు, పళ్ళు బిగించి.

మంచు పట్టకుండా ఆ స్కీలకి మైనం రాసింది ఓడ్వారే, జట్టు పిల్లలందరికీ తాత. పొద్దున రెండడుగులు వేసి చూసి, "తాతా, మంచు కాస్త పట్టేస్తోంది" అంది ఆ పిల్ల. "యాభై ఏళ్లుగా రాస్తున్నానమ్మా, నువ్వెళ్ళు" అన్నాడు. ఆ మాటే ఇప్పుడు ముల్లులా గుచ్చుతోంది.

నాలుగోసారి నోరు తెరిచాడు. మాట రాలేదు, కథ వచ్చింది.

"స్కీలకి మంచు పట్టడం అంటే ఇదేం పట్టడం! నాకు పద్దెనిమిదేళ్లప్పుడు పోలండ్ కొండల్లో పట్టింది చూడండీ, దాన్ని పట్టడం అంటారు."

"అమ్మో, పోలండ్ కథ!" అన్నాడు రూనె. "గున్‌వోరక్కా, నాకింకో రెండు వాఫుల్స్. ఇది పొడుగు."

"నువ్వు తింటూ విను, స్వీడన్ వాడా, తెలివొస్తుంది. ఇలాంటిదే కుర్రాళ్ళ పోటీ. ముప్పైనాలుగో నంబరు నాది. మొదటి గుట్ట మీదే ఇద్దరు ఫిన్లాండు వాళ్ళని దాటేశాను."

"ఇద్దర్నా? పోయిన ఏడు ఆరుగురు" అంది గున్‌వోర్ వెనక్కి తిరక్కుండానే.

"ఇవాళ నిజమే చెబుతున్నా, ఇద్దరే. అక్కడ మొదలైంది కొత్త మంచు. ముందు బెత్తెడు పట్టింది. పోనీలే, కాస్త పొడుగు కనిపిస్తాను, అమ్మాయిలు చూస్తారు అనుకున్నా. తరవాత జానెడు. తరవాత మూరెడు. దులుపుదామని కాలు ఎత్తితే ఎత్తిన కాలికి మరింత పడుతుంది, దించిన కాలు ఊరుకుంటుందా, దానికీ పడుతుంది. రెండో కిలోమీటరు దాటేసరికి నేను గుర్రం మీద ఉన్నవాడంత ఎత్తున ఉన్నాను."

గున్‌వోర్ చేతిలో గరిటె ఆగింది. పోలండ్ కథ వంద రకాలుగా విన్నది ఆవిడ. ఒకసారి దుప్పి తరుముకొచ్చింది, ఒకసారి ఈయన వేగానికి దారి పొడుగునా మంచు కరిగిపోయింది. స్కీలకి మంచు పట్టడం మాత్రం ఎన్నడూ లేదు. మొగుడి మొహం వంక చూసింది. ఆయన చూపు తిప్పేసుకున్నాడు.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? దాటేశానన్నానే ఫిన్లాండు కుర్రాళ్ళు, ఆ ఇద్దరూ వెనకనుంచి వచ్చి నా కాళ్ళ సందులోంచి దూసుకుపోయారు. వంగను కూడా వంగలేదు వెధవలు! వంగాల్సిన అవసరం లేదు మరి. న్యాయనిర్ణేత నా నంబరు చదవడానికి దుర్భిణీ తెప్పించుకున్నాడు. చేతికర్రలు నేలకి అందడం మానేసి చాలాసేపైంది. అయినా ఆగానా? దేవదారు చెట్ల కొసలకి కర్రలు ఆనించి, ఒక్కో కొసకీ ఒక్కో తోపు తోస్తూ పోయాను. ఒక చెట్టు మీద కాకి గూడు. తల్లికాకి నన్ను చూసి పక్కకి జరిగి దారిచ్చింది."

"కాకి మర్యాదస్థురాలు. స్వీడన్ కాకి అయ్యుంటుంది" అన్నాడు రూనె.

సునీవా నవ్వలేదు. కానీ నంబరు చీటీ ముడి మీదికి వెళ్ళింది ఆమె చెయ్యి. ఓడ్వార్ ఓరకంట చూశాడు. ఇంకా పైకెక్కాలి అనుకున్నాడు.

"ఇంకా పెరిగాను. మబ్బు దాటాను. పైన ఎండ! అక్కణ్ణుంచి చూస్తే సముద్రం కనబడింది, సముద్రం అవతల మన లోయ, మన లోయలో మా ఇల్లు. మా అమ్మ ఇంటికప్పు మీద నిలబడి పారతో మంచు తోస్తోంది. 'అమ్మా, దిగలేకపోతున్నానే!' అని అరిచాను. అమ్మ తలెత్తింది. 'ఎక్కడం వచ్చినవాడివి దిగడం రాకపోతే ఎలారా! టోపీ పెట్టుకున్నావా?' అంది."

చిన్న చప్పుడైంది సునీవా ముక్కులోంచి. నవ్వో, జలుబో తెలియదు. ప్లేటులోంచి వాఫుల్ ముక్క ఒకటి తుంచింది, నోట పెట్టుకోలేదు.

"టోపీ పెట్టుకున్నానే అన్నాను. అనేసరికి ఆఖరి మలుపు. గెలుపు గీత ఇంకా రెండు కిలోమీటర్లుంది, ముందు ఇరవైమంది ఉన్నారు. అప్పుడు నేనేం చేశానో తెలుసా? పడ్డాను. నిలువునా, నరికిన చెట్టులా, ముందుకి. రెండు కిలోమీటర్ల ఎత్తువాడు పడితే ఎంత దూరం పడతాడు? రెండు కిలోమీటర్లు! ఇరవైమంది నెత్తిమీదుగా వెళ్ళి గీత అవతల పడింది నా తల. అందరికన్నా ముందు! జనం ఒకటే చప్పట్లు, బాకాలు..."

"తల కాదు తాతా."

పొద్దుటి తరవాత సునీవా మాట్లాడిన మొదటి మాట అది.

"ఏమన్నావమ్మా?"

"గీత దగ్గర తల లెక్కలోకి రాదు. బూటు కొస దాటాలి. నీ తల గీత అవతల ఉంటే, నీ బూట్లు రెండు కిలోమీటర్లు వెనక ఉన్నట్టు. ఇరవైమందీ నీ వీపు పక్కనుంచి నడుచుకుంటూ వెళ్ళినా నీకన్నా ముందే."

రూనె బల్ల మీద చరిచి మరీ నవ్వాడు. గున్‌వోర్ నవ్వు ఆపుకోలేక గరిటె గిన్నెలో పడేసింది. ఓడ్వార్ కూడా నవ్వబోయాడు. ఆ పిల్ల మాత్రం ఆయన్నే చూస్తోంది.

"నిజంగా ఎన్నో స్థానం?"

"అరవై రెండు."

"ఎంతమందిలో?"

"అరవై ముగ్గురం. ఒకడు మధ్యలో మానేశాడు."

ఈసారి రూనె నవ్వలేదు. పెళ్లయి నలభై ఏడేళ్లైనా ఈ అంకె గున్‌వోర్‌కీ ఇవాళే తెలిసింది.

"మైనం ఎవరు రాశారు?" అడిగింది సునీవా.

"హల్వర్ అని, మా జట్టు పెద్దాయన. పట్టేస్తోందని చెప్పాను. నా అనుభవమంత లేదు నీ వయసు, వెళ్ళు అన్నాడు."

"తరవాత ఏమన్నాడు?"

"ఏమీ అనలేదు. ఆ రోజూ అనలేదు, ఆ ఏడూ అనలేదు. ఆయన దగ్గరే మైనం రాయడం నేర్చుకున్నాను, ఆయన శవపేటిక మోసిన ఆరుగురిలో నేనొకణ్ణి. సమాధి దాకా మోస్తూ కూడా, ఇప్పుడైనా అంటాడేమో అని చూశాను. నవ్వకండి, నిజం."

రూనె మెల్లిగా లేచి, చేతిలో వాఫుల్‌తోనే బయటికి వెళ్ళి తలుపు చప్పుడు కాకుండా వేశాడు.

ఓడ్వార్ బల్ల వదిలి వచ్చి పిల్ల ముందు నిలబడ్డాడు. అంత పొడుగు మనిషీ చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక మైనపు గుడ్డని నలిపాడు.

"సునీవా, పొద్దున నువ్వు చెప్పావు. నేను వినలేదు. నీ కాళ్ళలో తప్పు లేదు. తప్పు నాది."

ఆమె బూటు తాడు లాగింది. విప్పుతూ విప్పుతూ ఆగి, మోచేత్తో కళ్ళు తుడుచుకుంది. అప్పటిదాకా బిగించిన పళ్ళు వదిలి కాసేపు ఏడ్చింది. గున్‌వోర్ వెళ్ళి పక్కన కూర్చుంది, ఓదార్పు మాటలేమీ చెప్పకుండా ఆ పిల్ల రెండో బూటు తాడు తను విప్పింది.

"నాకింకా కోపంగానే ఉంది" అంది సునీవా చివరికి.

"ఉండనీ."

"రేపటికి కూడా పోదు."

"పోకపోతే పోయింది. నేను రేపు కూడా ఇక్కడే ఉంటాను." ఆయన గొంతు సవరించుకున్నాడు. "ఎల్లుండి రిలేకి నీ స్కీలు రూనెకిద్దాం. నోరు మంచిది కాదు గాని చెయ్యి మంచిది."

"స్వీడన్ వాడి మైనం మీద నేను పరిగెత్తాలా! మా అమ్మ గుమ్మంలోకి రానిస్తుందా?" అంది ముక్కు తుడుచుకుంటూ. "నువ్వే రాయి. కానీ నేను పక్కన నిలబడతాను."

వాఫుల్ ముక్క నోట్లో పెట్టుకుంది. తరవాత మిగతాదంతా, పైన గోధుమరంగు చీజ్‌తో సహా, మూడు ముద్దల్లో మింగినట్టు తినేసింది. పొద్దుట్నుంచీ ఏమీ తినలేదని అప్పుడు గుర్తొచ్చినట్టుంది. గున్‌వోర్ ఇంకోటి వేసింది.

తిన్నాక ఇద్దరూ బయటికి వెళ్ళారు. మంచు పడడం ఆగింది, కొండ నీడ దారి మీదికి దిగుతోంది. ఓడ్వార్ చేతితొడుగు తీసి, వంగి, గుప్పెడు మంచు తీసుకున్నాడు. అది చేతిలో ఎలా నలుగుతోందో, ఎంతసేపటికి కరుగుతుందో, ఎల్లుండికి ఏమవుతుందో చెప్పడానికి నోరు తెరిచాడు. తెరిచి, మూసి, ఆ గుప్పెడు మంచూ పిల్ల చేతిలో పెట్టాడు.

"నీకేమనిపిస్తోందమ్మా?"

యాభై ఏళ్లలో ఆ ప్రశ్న ఆయన ఎవర్నీ అడిగి ఎరగడు.

సునీవా కళ్ళు మూసుకుని మంచుని వేళ్ళ మధ్య నలిపింది. చాలాసేపు నలిపింది.

"ఉండు, చూడనీ. తొందరపెట్టకు" అంది.

ఆయన నోరు మెదపకుండా నిలబడ్డాడు.