పేరు లేని గొంతు

1998 ఎండాకాలం. మణికొండలో ఒక రేకుల ఇల్లు, ఓరగా వేసిన తలుపు. కట్టుబడి పనికి పోయే బుచ్చమ్మ ఎదుట, యూనివర్సిటీ నుంచి వచ్చిన ఉమాశ్రీ చాప మీద టేప్‌రికార్డరు పెట్టుకుని కూర్చుంది.

“ముందుగాల అది బందువెట్టమ్మా.”

“ఇంకా నొక్కలేదండి, బుచ్చమ్మగారూ. మీరు సరే అంటేనే.”

“బీడి వాసనొస్తున్నది. బైట ఎవలన్న ఉన్నరా?”

“దారి చూపించినాయన లెండి. ఆ కంప్యూటర్ల బిల్డింగు దగ్గర సెంట్రింగు కూలిన రోజు మీరు ఏం చూశారో, మీ మాటల్లోనే...”

“గా దినం నేను పనికి పోలే. జరమొచ్చింది.”

“పోయినసారి పని దగ్గర కలిసినప్పుడు వెళ్లానన్నారు కదండీ.”

“అన్ననేమో. ఇయ్యాల అంటలేను.”

“ఎవరైనా బెదిరించారా?”

“బెదిరియ్యలే. మంచిగనే చెప్పిండ్రు. మీ ఆయన గూడ గా పరంజ మీదికే ఎక్కుతడు గదా, జర చూస్కో అన్నరు.”

“నేను పేర్లు రాయనండి. ఎవరు చెప్పారో ఎవరికీ తెలీదు. నమ్మకం లేకపోతే ఈ టేపు వినండి. ఇంకొకావిడ చెప్పింది, ఎవరో పోల్చుకోండి చూద్దాం.”

“‘...సెంట్రింగు మీద పడ్డది. నా పెనిమిటి మూల్గుతుండె. దవాఖానకని లారీల ఎత్తుకపోయిండ్రు, మల్ల మనిషి రాలే. ఊరికి ఉరికిండని చెప్పుమంటున్నరు. ఉరకలే. నా కండ్లతోని చూసిన...’”

“బందుజెయ్. జల్ది బందుజెయ్. గది మా పుణ్యవతి.”

“పేరే లేదు కదండీ, ఎలా...”

“గొంతు ఉన్నది గదా. దినాం ఒక్క బోరింగుకాడ నీళ్లు పట్టుకుంటం. పేరు తీసేస్తే గొంతు వోతదా? గిది ఇంకెవలకన్న ఇనిపిచ్చినవా?”

“లేదు. అంటే... పొద్దున ఒక్కరికి. ఆయనా మొదట మీలాగే మాట్లాడనన్నారు. ఇది విన్నాక చాలా మర్యాద చేశారు. చాయ్ తెప్పించారు. మళ్లీ ఒకసారి పెట్టమన్నారు.”

“ఎవలు?”

“కూలీలందరికీ పెద్దనన్నారండి. నాకు అన్ని వైపుల మాటా కావాలి కదా, అందుకని...”

“ఎవలు, బిడ్డా?”

“లింగమూర్తిగారు.”

“మేస్త్రి. గుత్తేదారు మనిషి.”

“మేస్త్రా? ఆ మాట చెప్పలేదే.”

“మల్లోసారి పెట్టినవా?”

“పెట్టాను.”

“గొంతు తగ్గించు. నీకు తొవ్వ చూపెట్టినోడు...”

“ఆయనేనండి. ఆడవాళ్లు మాట్లాడుకోండి, నేను గోడ నీడకు కూర్చుంటా అన్నారు.”

“గా బీడి వాసన వానిదే.”

“బుచ్చమ్మగారూ. నా వల్ల ఆవిడకేమైనా...”

“నువ్వు మాట్లాడకు. ఇగ నొక్కు.”

“ఏం నొక్కను?”

“గా బటన్ నొక్కు. తలుపు గూడ బార్లా తెరువు, బైటకు ఇనవడాలె. ఆఁ, ఇగ గట్టిగ చెప్త, రాసుకోండ్రి మేడం. గా పుణ్యవతి మొగడు ఎవతెనో తీస్కొని లేచిపోయిండు. గప్పటిసంది దానికి మతి లేదు. నోటికేదొస్తే గది వాగుతది, దాని మాటలు ఎవలు పట్టించుకోరిక్కడ.”