పీరు లేవకముందు

పీర్ల కొట్టం అరుగు మీద కూర్చుని బీరన్న పీర్లకు కట్టే గుడ్డలు దులుపుతున్నాడు. పీర్ల ముందు ఫాతిహా చదివే మదార్‌సాబ్ పోయిన ఎండాకాలం కన్నుమూశాడు. కొట్టాన్ని ఆనుకొని ఉన్న అర్రలో ఉంటున్న అతని భార్య జాన్‌బీ గడప పట్టుకొని నిలబడింది. పొద్దు వాలితే పీర్లు ఊరేగింపుకు లేస్తాయి.

“గా మాట మల్ల తియ్యకు వదినె. ఊదు ఏడ వెట్టినవ్?”

“గూట్లె ఉన్నది. నేనడిగింది చెప్పు.”

“గూట్లె లేదు.”

“ఉన్నది, చెయ్యి జర లోపటికి వెట్టు. ఒక్క మాటనే కద బీరన్నా. పీరు నీ ఒంటి మీదికి వచ్చినప్పుడు ఊరంత నీ ముంగటనే ఉంటది. ‘జాన్‌బీని ఎల్లగొట్టకుండ్రి’ అను. గంతే.”

“నేననుడేంది? అప్పుడు నేనుంటనా? పలికేది పీరు.”

“నాకెరికే.”

“ఎరికైతె ఎట్లడుగుతున్నవ్? పడుసుతనం సంది ఈ పీరును ఎత్తుతున్న, ఒక్కపొద్దుండి ఎత్తుతున్న. గా నోట్లకెల్లి నా మాట ఎట్ల పలికిస్త?”

“గా నోట్లకెల్లి వస్తెనే ఈ ఊరు ఇంటది. ఐలేశం పొలం గట్టు పంచాయితి ఠాణా దాక పోయినా తెగకపాయె. పీరు చెప్పంగనే తెగింది.”

“అది పీరు చెప్పింది.”

“ఇది సుత చెప్తె ఏంబోతది?”

“వదినె, అర్ర కూలగొడుడు నిన్ను ఎల్లగొట్టనీకి గాదు. కమ్యూనిటీ హాలు కడ్తరు. రేపు మండలం సార్లు వస్తున్నరు. అన్ని కులాలు, అన్ని మతాలు కలిసి పండుగ జేసే ఊరని మనకు శాలువలు కప్పుతరట.”

“సూసిన. బస్టాండు కాడ ఫ్లెక్సీల నా ఫోటో వెట్టిండ్రు. నేను నవ్వేది ఏడ దొరికిందో ఆళ్లకు.”

“మరి గంత ఇజ్జత్ ఇచ్చినంక…”

“ఫోటోకు ఇచ్చిండ్రు. నన్ను పండుగైన తెల్లారి అర్ర ఖాళీ జెయ్యమన్నరు.”

“ఎవలన్నరు?”

“నీకెరికలేదా?”

“గా కుడుకల దండ ఇటియ్యి.”

“నీ కొడుకు సైదులే అన్నడు. ‘పెద్దనాయిన పాయె గద పెద్దమ్మా, మోత్కూర్‌కెల్లి ఫాతిహా సదివేటాయనను కిరాయికి తెస్తం, నీకు అర్రెందుకు’ అన్నడు. నెమ్మదిగనే అన్నడు తియ్యి. ఆనికి గా పేరు వెట్టింది మా ఆయననే.”

“పోరగాండ్లు. ఆళ్లకేం తెలుసు.”

“హాలు కడ్తమని అనుకున్న గా మీటింగుల నువ్వు ఉన్నవా, లేవా?”

“ఉన్న. ఎనకకు కూసున్న.”

“ఏమన్నవ్?”

“గొర్లకాడికి పోవాల్నని జల్ది లేసొచ్చిన.”

“గొర్లు ఎప్పుడో అమ్ముకుంటివి గద.”

“చౌటుప్పల్ల నీ చెల్లె కొడుకున్నడు గద వదినె?”

“ఫోను ఎత్తుతలేడు. ఆళ్లున్నదే ఒక్క అర్రల. మొన్న పోతె ఆని పెండ్లాం తలుపు కాడనే చాయ్ పోసి తోలిచ్చింది. బీరన్నా, ఈ కొట్టం ఊడ్చేది నేను, దీపం వెట్టేది నేను. పీర్లుండాల్నట. పీర్లోళ్లే ఉండొద్దట.”

“గట్లనకు. నా కండ్లల్ల నీళ్లొస్తున్నయి.”

“నీ కండ్లనీళ్లతోటి నా అర్ర నిలవడుతదా?”

“నన్నేం జెయ్యమంటవ్? కొడుక్కు ఎదురు మాట్లాడితె ఇంట్ల బువ్వ వెట్టేటోళ్లుండరు. ముసలోడు సాయిబుల దిక్కైండని ఊర్లె నవ్వుతరు.”

“అందుకే పీరును అడ్డం వెట్టుకో అంటున్న. నిన్నెవలేమనరు.”

“కాళ్లు మొక్కుత వదినె, అదొక్కటి అడుగకు. పీరు నోట అబద్ధమాడి గుండంల నిప్పులు తొక్కితె నా కాళ్లు కాలుతయి.”

“నేను ఈడ ఉండాలె అనుడు అబద్ధమా?”

“అబద్ధం గాదు. అది నా మాట. పీరు మాట గాదు.”

“నీ మాటనా?”

“ఆఁ. నువ్వు పోవుడు నాకేమన్న ఇష్టమా?”

“అయితె పీరును ఇడిసిపెట్టు. గా గుడ్డలు అవుతల వెట్టి, పీరు మీదికి రాకముందే చెప్పు. ఉట్టి బీరన్నవే చెప్పు.”

“ఉట్టి బీరన్న చెప్తె ఎవలింటరు వదినె?”

“మా ఆయన పోయినప్పటి సంది ఇంత ఊర్లె నన్ను ‘ఉండు’ అన్నోళ్లు ఒక్కలు లేరు. ఎవలు ఇనకున్నా, నేనింట.”