చెట్టుకప్ప ముందు గిన్నె

"ఫ్రీజర్లో ఐసుముక్కల పక్కన పురుగుల డబ్బా ఏంటండీ? ఇక ఈ ఇంట్లో చల్లటి నీళ్ళు తాగే యోగం లేదా?"

ఆమె మొగుడు గాజుతొట్టి ముందు గొంతుక్కూర్చుని, లోపలి చెట్టుకప్పని బతిమాలుతున్నాడు. కప్ప ఆమె అత్తగారిది. అత్తగారు ఆస్పత్రిలో వెంటిలేటర్ మీద ఉంది.

"షాపువాడే చల్లగా ఉంచమన్నాడు."

"చల్లగా అన్నాడు, చంపమన్లేదు. కదలని పురుగు దాని కంటికి ఆనదు. అత్తయ్య వేళ్ళతో ఆడిస్తూ తినిపించేవారు."

"నా వేళ్ళు చూస్తే గోడెక్కేస్తోంది. ఇద్దర్నీ పెంచింది ఒకావిడే. అన్నయ్యన్న గౌరవం ఉండొద్దూ?"

"డొక్కలు పీక్కుపోయాయి దానికి. అత్తయ్య కళ్ళు తెరిస్తే ముందు దీన్నే అడుగుతారు."

"నన్ను అడగదా?"

"మీరు గిన్నెలో పెట్టింది తింటారుగా."

"సరే, నీ ఫోనివ్వు. వైబ్రేషన్లో పెట్టి గిన్నె కింద ఉంచుతా. నేను రింగిస్తే పురుగులు కదుల్తాయి."

"నా ఫోనుకి పురుగుల కంపు కూడానా!"

అంటూనే ఇచ్చింది. అతను దాన్ని తొట్టిలో పురుగుల గిన్నె కింద పెట్టి, తన ఫోన్ తీసేలోపే గిన్నె బర్రుమంది. చచ్చిన పురుగులు గెంతాయి. కప్ప ఒక్క దూకు దూకి ఒకటి మింగేసింది.

"తింటోందండీ! ఇంకోసారి చెయ్యండి!"

"నేనింకా చెయ్యలేదే."

ఆమె వంగి చూసింది. గిన్నె అంచు పక్కన ఆస్పత్రి పేరు వెలుగుతోంది.

"ఏదన్నా అయితేనే చేస్తామన్నారు కదండీ..."

"ఉండు. రెండోది మింగనీ."

గిన్నె బర్రుమంటూనే ఉంది. కప్ప మళ్ళీ నోరు తెరిచింది. బాబ్బాబు, మీలో తెలిసినవాళ్ళెవరైనా ఉంటే కాస్త చెప్పండి. ఆమె ఆ ఫోను ఎత్తాలా, కప్పని తిననివ్వాలా?